పెద్దవాళ్లు ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరవడం లేదు, మామూలు కారణాలేవీ కావని తేలింది. తర్వాత ఏం వెతుకుతారు?

మత్తుగది_మాట
రికవరీ చీటీల్లో పదే పదే ఒకే వాక్యం కనిపిస్తోంది: "వయసు వల్ల మెలకువ ఆలస్యం." 75 దాటిన మనిషి మత్తు ఆపిన గంటకీ లేవకపోతే ఆ మాట రాసేసి పక్క మంచానికి వెళ్లిపోతున్నారు. వయసుతో మత్తు అవసరం తగ్గేమాట నిజమే. 40 దాటాక ప్రతి పదేళ్లకూ పీల్చే మత్తు అవసరం సుమారు 6% చొప్పున పడిపోతుంది. కానీ అది ముందుగానే మోతాదు తగ్గించుకోవడానికి పనికొచ్చే లెక్క. గంట దాటినా లేవని మనిషికి అదే రోగ నిర్ధారణ ఎలా అవుతుంది?

మామూలు జాబితా అందరికీ తెలుసు: మిగిలిపోయిన మత్తు, ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి నొప్పి మందులు), బెంజోలు (నిద్ర, మగత మందులు), కండరాల సడలింపు మందు, చక్కెర, కార్బన్ డయాక్సైడ్, సోడియం, ఒంటి వేడి. అవన్నీ సరిగ్గానే ఉన్నాయనుకోండి. మామూలు సీటీలో కూడా ఏమీ లేదు. అప్పుడు మెదడుకు సంబంధించిన అరుదైన కారణాల్లో వేటిని ముందు వెతుకుతారు?

రాత్రి_పాళీ
అన్నిటికన్నా ముందు చెవి మిషన్. ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు తీసి డబ్బాలో పెడతాం, తిరిగి పెట్టేవాళ్లు ఉండరు. అరిచి పిలిచినా పలకలేదని స్పృహ లేదనుకుంటారు. మిషన్ పెట్టి, ఆయన మాట్లాడే భాషలో పిలిచి, అప్పుడు స్పృహ స్కోరు రాయండి.

మోతాదు_లెక్క
"అవన్నీ సరిగ్గానే ఉన్నాయనుకోండి" అన్నచోటే నాకు పేచీ. అనుకోవడం వేరు, కొలవడం వేరు. సడలింపు మందు పోయిందా అంటే టీఓఎఫ్ (నరానికి నాలుగు చిన్న షాకులిచ్చి కండరం బలం కొలిచే పరీక్ష) నిష్పత్తి 0.9 దాటిందని యంత్రం చూపించాలి. తల ఎత్తాడు, చెయ్యి పిండాడు అంటే సరిపోదు. అసలు లేవని మనిషి తల ఎలా ఎత్తుతాడు?

సడలింపుకి సక్సామిథోనియం ఇచ్చి ఉంటే సుగమడెక్స్ అనే విరుగుడుతో లాభం లేదు, అది రోక్యురోనియం, వెక్యురోనియం అనే సడలింపు మందులకే. సక్సామిథోనియంని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు ఒళ్లంతా కదలక, లోపల పూర్తి మెలకువతో ఉంటారు. గుండె వేగం, రక్తపోటు పెరిగి, కంట నీళ్లు కారుతుంటే అదే అనుమానించండి. వాళ్లకి మళ్లీ మత్తిచ్చి వెంటిలేటర్ మీద ఉంచాలి.

ఓపియాయిడ్ల విరుగుడు నలోక్సోన్ 40 మైక్రోగ్రాముల చొప్పున, 2-3 నిమిషాలకోసారి. ఒక్కసారే 400 కొట్టేస్తే ముసలి గుండె తట్టుకోదు. దాని పని గంటలోపే తగ్గిపోవచ్చు, కాబట్టి లేచాడని వదిలేయకూడదు.

ఐసీయూ_కాపలా
బెంజోల విరుగుడు ఫ్లుమజెనిల్ కూడా అందరికీ 0.2 మి.గ్రా. ఇచ్చి చూస్తే పోలేదా? లేస్తే సంగతి తేలిపోతుంది.

మోతాదు_లెక్క
అందరికీ వద్దు. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి నిద్రమాత్ర వేసుకునేవాళ్లు చాలామంది, అడిగితే తప్ప చెప్పరు. వాళ్లకి ఫ్లుమజెనిల్ ఇస్తే ఫిట్స్ రావచ్చు. మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లకీ అంతే. బెంజో ఇచ్చినట్టు చార్టులో ఉండి, పై రెండూ లేవని తేలితేనే.

నరాల_దారి
అసలు ప్రశ్నకి వస్తాను. స్కానింగ్‌కి పంపేలోపు రెండు నిమిషాలు కళ్లు చూడండి. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకుని చూడాలి, టార్చి వేసి వదిలేయడం కాదు.

చూపు ఒక పక్కకి లాగేసి ఉందా? మెదడు అర్ధగోళంలో పక్షవాతమైతే కళ్లు దెబ్బ తగిలిన వైపే చూస్తాయి. మూర్ఛ నడుస్తుంటే మూర్ఛ పుట్టిన చోటికి ఎదురు వైపుకి లాగుతాయి. పాన్స్‌లో (మెదడుకాండం మధ్య భాగం) దెబ్బ అయితే చచ్చుబడిన కాళ్లూ చేతుల వైపు చూస్తాయి. కిందికీ ముక్కు వైపుకీ చూస్తుంటే దెబ్బ థాలమస్‌లో (మెదడు లోతుల్లో, మెలకువకి అవసరమైన భాగం) లేదా నడిమెదడులో. కనుగుడ్డు చిన్నగా, లయగా కొట్టుకుంటున్నా, రెప్ప అదురుతున్నా మూర్ఛ కానందుకు రుజువు కావాలి, అయినందుకు కాదు.

తర్వాత, ఆయన పేరు పెట్టి పిలిచి "పైకి చూడండి, రెండుసార్లు రెప్ప వేయండి" అనండి. ఇది ఎవరూ చెయ్యరు. పాన్స్ ముందు భాగం దెబ్బతిన్న మనిషి పూర్తి మెలకువతో ఉండి కూడా చెయ్యి, కాలు, నాలుక, పక్కచూపు అన్నీ పోగొట్టుకుంటాడు. మిగిలేవి పైకీ కిందికీ చూపు, రెప్ప మాత్రమే. చెయ్యి పిండమని అడిగి స్పందన లేదని రాస్తే ఆ మనిషిని బతికుండగానే పాతిపెట్టినట్టు.

మెడ ఆపరేషన్ అయినవాళ్లకి తల అటూ ఇటూ తిప్పి కళ్ల రిఫ్లెక్స్ చూడకండి. కర్ణభేరి బాగుందో లేదో చూసుకుని, చెవిలో 30-50 మి.లీ. మంచు నీళ్లతో చూడండి.

రాత్రి_పాళీ
కంటిపాప ఒకటి పెద్దదిగా ఉంటే? నెబ్యులైజర్ పెట్టాక ఇలా రెండు మూడు రకాలుగా చెబుతుంటారు.

నరాల_దారి
ఇప్రాట్రోపియం మాస్క్ అంచునుంచి కంట్లోకి పోయి పాప పెద్దదవడం నిజంగానే జరుగుతుంది. వాంతులు రాకుండా చెవి వెనక అంటించే హయోసిన్ పట్టీ ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకున్నా అంతే. తేడా తెలియాలంటే 1% పైలోకార్పిన్ చుక్క: మందు వల్ల పెద్దదైతే ముడుచుకోదు, కంటిని కదిపే మూడో నరం నొక్కుకుని పెద్దదైతే ముడుచుకుంటుంది. అయితే స్పృహ లేని మనిషికి చుక్క వేసి ఎదురుచూస్తూ కూర్చోకండి, ముందు సీటీ. శుక్లాల ఆపరేషన్ అయిన కంటిపాప గుండ్రంగా లేకపోవడం కూడా మామూలే, పాత చీటీ చూసుకోండి.

స్కాన్_కిటికీ
@మత్తుగది_మాట గారు "మామూలు సీటీలో ఏమీ లేదు" అన్నారు. ఆ ఒక్క వాక్యం దగ్గరే చాలామంది ఆగిపోతారు, నా బాధంతా అదే. మామూలు సీటీ రక్తస్రావం లేదని చెబుతుంది, గాలి లేదని చెబుతుంది, పెద్ద వాపు లేదని చెబుతుంది. మొదటి గంటల్లో మెదడుకాండంలో రక్తం అందడం లేదన్న సంగతి చాలాసార్లు చెప్పలేదు.

మెదడుకాండానికి రక్తం ఇచ్చే బేసిలార్ ధమని మూసుకుందా అన్నది తెలియాలంటే అదే బల్ల మీద, అదే పూట, మెడ నుంచి తల దాకా సీటీ యాంజియోగ్రామ్ తీయాలి. మళ్లీ రేపు కాదు. క్రియాటినిన్ ఎక్కువుందని కాంట్రాస్ట్ మానేసేవాళ్లకి ఒక మాట: కిడ్నీకి డయాలసిస్ ఉంది, బేసిలార్ పోతే దానికి బదులు ఏదీ లేదు.

ఇక యాంజియోగ్రామ్ కూడా బాగున్నా దొరకనిది పెర్షెరాన్ ధమని. మామూలుగా రెండు థాలమస్‌ల లోపలి భాగాలకీ ఎడమా కుడీ వేరువేరు సన్న ధమనులు వెళతాయి. కొందరిలో ఒక పక్క వెనక మెదడు ధమని నుంచి ఒక్కటే బయల్దేరి రెండు వైపులకీ చీలుతుంది. అది మూసుకుంటే రెండు థాలమస్‌లూ ఒకేసారి దెబ్బతింటాయి. పక్షవాతం ఉండకపోవచ్చు, ముఖం వంకర ఉండదు, మనిషి గాఢంగా నిద్రపోతున్నట్టు ఉంటాడంతే. గట్టిగా కదిపితే ఒక క్షణం చూసి మళ్లీ నిద్రలోకి జారిపోతాడు. పైకీ కిందికీ చూపు పోతుంది. "ఇంకా మత్తు దిగలేదు" అనడానికి ఇంతకన్నా అచ్చమైన వేషం మరొకటి లేదు.

ధమని అంత సన్నది కాబట్టి యాంజియోగ్రామ్‌లో కనబడదు. ఎమ్మారైలో డిఫ్యూజన్ చిత్రాలే చూపిస్తాయి: రెండు థాలమస్‌ల మధ్య అంచుల్లో తెల్లటి మచ్చలు, కొందరిలో నడిమెదడు ముందు అంచున వి ఆకారపు గీత.

ఐసీయూ_కాపలా
రెండు థాలమస్‌లూ తెల్లబడితే పెర్షెరాన్ అనేయడమేనా? లోపలి సిరల్లో గడ్డ కట్టినా అలాగే ఉంటుందిగా.

స్కాన్_కిటికీ
మంచి అడ్డు వేశారు. సిర అయితే థాలమస్‌లు వాచి ఉబ్బుతాయి, మచ్చ ధమని హద్దుల్ని పట్టించుకోదు, మామూలు సీటీలో స్ట్రెయిట్ సైనస్ అనే పెద్ద సిర తెల్లగా మెరుస్తుంది. సీటీ వీనోగ్రామ్‌తో తేలుతుంది. మూడోది వెర్నికీ, అంటే థయామిన్ (బి1 విటమిన్) లోపంతో వచ్చే మెదడు జబ్బు: థాలమస్ లోపలి అంచులతో పాటు మామిల్లరీ బాడీలు, నడిమెదడు నాళం చుట్టూ మార్పు కనబడుతుంది. తిండి లేక చిక్కిపోయి ఆపరేషన్‌కి వచ్చినవాళ్లకి గ్లూకోజ్ ఎక్కించి ఉంటే ఇది గుర్తుకు రావాలి.

మోతాదు_లెక్క
వెర్నికీ అనుమానం వస్తే చాలు, థయామిన్ 500 మి.గ్రా. సిరలో, 30 నిమిషాలు ఎక్కేలా, రోజుకి మూడుసార్లు. పరీక్ష ఫలితం కోసం ఆగనక్కర్లేదు. చక్కెర పడిపోయి ఉంటే మాత్రం థయామిన్ వచ్చేదాకా గ్లూకోజ్ ఆపకండి, రెండూ కలిపి ఇచ్చేయండి.

నరాల_దారి
గడియారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పక్షవాతానికి "చివరిసారి బాగా ఉన్న సమయం" అంటే మత్తు ఇవ్వకముందు మాట్లాడిన నిమిషం. కుట్లు వేసిన సమయం కాదు, రికవరీకి తెచ్చిన సమయమూ కాదు. ఆరు గంటల ఆపరేషన్ అయితే అప్పటికే ఆరు గంటలు కరిగిపోయినట్టే లెక్క.

పెద్ద ఆపరేషన్ అయిన వెంటనే గడ్డ కరిగించే మందు సాధారణంగా ఇవ్వలేం. కానీ తీగతో గడ్డ లాగేయడానికి ఆ ఆపరేషన్ అడ్డు కాదు. బేసిలార్‌కి 24 గంటల వరకూ, తగిన రోగుల్లో లాభముందని 2022లో వచ్చిన పరీక్షలు చూపించాయి. "కొత్తగా కుట్లు పడ్డాయి, ఇక చేసేదేముంది" అని ఫోన్ చెయ్యడం మానకండి.

తరంగ_రేఖ
ఇంత చర్చలో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) ఊసే రాలేదు. స్కాన్లన్నీ శుభ్రంగా ఉండి లేవని పెద్దవాళ్లలో, కుదుపులు లేని నిరంతర మూర్ఛ వెతికితేనే దొరుకుతుంది. చెయ్యి కొట్టుకోదు, నురగ రాదు. పైగా సడలింపు మందు మిగిలి ఉంటే కొట్టుకునేది కూడా కనబడదు.

20 నిమిషాల ఈఈజీ తీసి ఏమీ లేదని సంతకం పెట్టకండి. కనీసం 24 గంటలు, కోమాలో ఉంటే 48. అంత వసతి లేకపోతే అరగంట చొప్పున పూటకోసారైనా తీయండి, అసలు తీయకపోవడం కన్నా నయం.

మత్తుగది_మాట
నుదుటి మీద మత్తు లోతు కొలిచే బీఐఎస్ పట్టీ చాలదా? అంకె 50 చూపిస్తే ఇంకా మత్తులో ఉన్నట్టేగా.

తరంగ_రేఖ
అంకె చూసి మోసపోకండి. మందు వల్ల 50, పక్షవాతం వల్ల 50, మూర్ఛ వల్ల కూడా 50 రావచ్చు. పనికొచ్చేది అంకె పక్కన పాకే ముడి తరంగం. లయగా, మొనలు తేలిన అలలు కనబడితే పూర్తి ఈఈజీ పిలిపించండి. కనబడకపోతే ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే ఆ పట్టీ నుదుటిని మాత్రమే చూస్తుంది. మెదడు వెనక భాగంలో ఏం జరుగుతోందో దానికి తెలియదు.

మరో చిక్కు మూడు దశల అలలు. లివర్, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇవి వస్తాయి, చూడ్డానికి మూర్ఛలాగే ఉంటాయి. సెకనుకి 2.5 కన్నా వేగంగా మొనలు వస్తే మూర్ఛ అని నిశ్చయించవచ్చు. అంతకన్నా తక్కువైతే మందు ఇచ్చి చూడాలి. ఇక్కడే తప్పటడుగు: లోరజెపామ్ (ఒక బెంజో) ఇస్తే మూడు దశల అలలు కూడా మాయమవుతాయి! అలలు పోవడంతో పాటు మనిషి కూడా మెరుగైతేనే మూర్ఛ అనాలి.

మోతాదు_లెక్క
ఊపిరి గొట్టం తీసేసిన పెద్దమనిషికి ఆ పరీక్ష లోరజెపామ్‌తో చెయ్యడం నాకు ఇష్టం లేదు. మూర్ఛ మందు లెవెటిరాసిటమ్ మొదట ఒకేసారి పెద్ద మోతాదుగా ఇవ్వడం మేలు: నిరంతర మూర్ఛకి కిలోకి 60 మి.గ్రా., గరిష్ఠం 4500. తర్వాతి రోజువారీ మోతాదు కిడ్నీని బట్టి తగ్గించండి.

మూర్ఛకి కారణం మందుల సంచిలోనే ఉండొచ్చు. గుండె ఆపరేషన్లలో రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం పెద్ద మోతాదులో పోస్తారు. అది మెదడుని శాంతపరిచే గాబా, గ్లైసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. మత్తు ఉన్నంతసేపు మత్తే దాన్ని అణిచి ఉంచుతుంది, మత్తు దిగగానే మూర్ఛ బయటపడుతుంది. కిడ్నీ బలహీనంగా ఉంటే మందు ఒంట్లో ఇంకా నిలిచి ఉంటుంది. మత్తు ఆపిన గంటల్లోనే మూర్ఛ వస్తే ముందు దీన్ని చూడండి. సెఫెపిమ్ అనే యాంటీబయాటిక్ కూడా మూర్ఛ తెస్తుంది, కానీ అది కొన్ని రోజుల వాడకం మీద. రికవరీ గదిలో లేవకపోతే దాని మీద నేరం మోపకండి. ఐసీయూలో నాలుగో రోజు మళ్లీ మగతలోకి జారితే అప్పుడు మోపండి.

ఎముకల_వార్డు
తుంటి మార్పిడి, తొడ ఎముకలో రాడ్ వేసినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మజ్జలోంచి కొవ్వు బిందువులు రక్తంలోకి పోయి మెదడుకి చేరడం. పుస్తకంలో 24 నుంచి 72 గంటలని ఉంటుంది గానీ, సిమెంట్ నొక్కిన వెంటనే కూడా జరగొచ్చు, అప్పుడు మనిషి మత్తులోంచి బయటికే రాడు.

గుండెలో రంధ్రం ఉంటేనే మెదడుకి వెళుతుందనుకోకండి. పెద్దల్లో దాదాపు నాలుగో వంతు మందికి గుండె పై గదుల మధ్య ఫొరామెన్ ఒవాలే అనే సందు మూసుకోదు, అది ఒక దారి. అది లేకపోయినా చిన్న బిందువులు ఊపిరితిత్తుల గుండా దూరిపోతాయి. చంకల్లో, ఛాతీ మీద, కింది రెప్ప లోపల చిన్న ఎర్ర చుక్కలు వెతకండి. అందరిలో రావు, లేవని కొట్టేయకండి.

స్కాన్_కిటికీ
దీనికీ సీటీ శుభ్రంగానే ఉంటుంది. డిఫ్యూజన్ ఎమ్మారైలో నల్లటి ఆకాశంలో నక్షత్రాలు చల్లినట్టు ఉంటుంది, ఒకసారి చూస్తే మరిచిపోలేరు.

ఐసీయూ_కాపలా
దానికి మందు లేదు కదా, అన్ని చుక్కలు చూశాక కుటుంబానికి ఆశ లేదని చెప్పాల్సిందేనా?

నరాల_దారి
చెప్పకండి. ఇది మాత్రం గట్టిగా అంటున్నాను. ఆ చుక్కల్లో చాలా భాగం వాపే, చచ్చిన కణజాలం కాదు. ఆక్సిజన్, రక్తపోటు, పోషణ సరిగ్గా చూస్తూ ఉంటే వారాల తర్వాత లేచి మాట్లాడేవాళ్లున్నారు. మొదటి వారం చిత్రం చూసి జోస్యం చెప్పడం అన్యాయం.

తలకుట్ల_బల్ల
వెన్ను, తల ఆపరేషన్ల వాళ్లకి ఒక మాట. డ్రెయిన్ సీసాలోకి ఎంత వచ్చింది, ఏం రంగులో వచ్చింది అన్నది చూడండి. వెన్నులో డ్యూరా (వెన్నుపాము చుట్టూ ఉండే పొర) చిరిగి, డ్రెయిన్‌కి సక్షన్ పెడితే అది రక్తాన్నే కాదు, మెదడు నీటిని కూడా లాగేస్తుంది. పల్చగా, లేత గులాబీ రంగులో సీసా గబగబా నిండుతుంటే అదే. మెదడు కిందికి కుంగి, చిన్నమెదడు మడతల వెంట రక్తం కారుతుంది. సీటీలో చారలు చారలుగా కనబడుతుంది. ఆపరేషన్ నడుముకి, రక్తం తలలో. అందుకే ఎవరికీ తట్టదు.

తల ఆపరేషన్ అయ్యాక చర్మం కింద పెట్టే డ్రెయిన్‌కి సక్షన్ తగిలించినా ఇలాంటిదే జరగొచ్చు. తగిలించగానే గుండె వేగం పడిపోతుంది, తర్వాత మనిషి లేవడు. సీటీలో లోపలి గాంగ్లియా, థాలమస్‌లు ఆక్సిజన్ అందక చచ్చినట్టు కనబడతాయి, కానీ చార్టులో ఆక్సిజన్ ఎక్కడా పడిపోయి ఉండదు. ఆ పొంతన లేకపోవడమే ఆధారం.

చెయ్యాల్సింది వెంటనే సక్షన్ తీసేయడం, డ్రెయిన్‌ని గాలి ఒత్తిడికి వదిలేయడం, మంచం చదును చేయడం. అలవాటు కొద్దీ తల 30 డిగ్రీలు ఎత్తకండి, ఇక్కడ ఎత్తితే ఇంకా కుంగుతుంది. తల దించగానే మనిషి కాస్త మేలుకుంటే కారణం దొరికినట్టే.

మత్తుగది_మాట
ఇది నిజంగా తెలియదు. తల ఎత్తడం మా చేతులకి అలవాటైపోయింది. మరి కూర్చోబెట్టి చేసే తల ఆపరేషన్లలో గాలి చేరడం?

తలకుట్ల_బల్ల
రెండు రకాలు, కలపకండి. రక్తనాళాల్లోకి పోయిన గాలి వేరు: దానికి 100% ఆక్సిజన్, వీలుంటే హైపర్‌బారిక్ (ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చే) గది. ఆ గాలి త్వరగా కరిగిపోతుంది కాబట్టి ఆలస్యంగా తీసిన సీటీలో లేదని కొట్టేయలేం. పుర్రె లోపల మెదడు పైన చిక్కుకున్న గాలి వేరు: కాస్త గాలి దాదాపు అందరికీ ఉంటుంది, ఒత్తిడితో ఉంటేనే ప్రమాదం. సీటీలో ముందు లోబ్‌ల కొనలు విడిపోయి జంట శిఖరాల్లా నిలబడతాయి. నైట్రస్ అనే మత్తు వాయువు వాడి ఉంటే అది ఇంకా ఉబ్బుతుంది. దానికి పుర్రెకి చిన్న రంధ్రం (బర్ హోల్) వేసి గాలి వదలాలి.

రాత్రి_పాళీ
పార్కిన్సన్ వాళ్ల గురించి ఎవరైనా రాయండి. ఉపవాసమని ఉదయం మాత్ర ఆపేస్తారు, రాత్రికి కర్రలా బిగుసుకుని పలకరు.

నరాల_దారి
పార్కిన్సన్ మందు లెవోడోపా ఒంట్లో గంటా గంటన్నరలోనే సగానికి పడిపోతుంది. ఆపరేషన్ రోజు రెండు మోతాదులు తప్పితే చాలు. మెలకువ ఉంటుంది, ముఖంలో కదలిక ఉండదు, మాట రాదు. ముక్కు గొట్టంలోంచి వాళ్ల మామూలు మోతాదు, మామూలు సమయానికే వేయండి. వాంతికని మెటోక్లోప్రమైడ్ ఇచ్చి ఉంటే ఆపండి, హాలోపెరిడాల్ జోలికి వెళ్లకండి. మెదడులో స్టిమ్యులేటర్ ఉంటే కాటరీ (కరెంటు వేడితో రక్తం ఆపే పరికరం) కోసం ఆపినవాళ్లు మళ్లీ వేశారో లేదో అడగండి. చాలాసార్లు ఎవరూ వేసి ఉండరు.

మోతాదు_లెక్క
మందుల నుంచి ఇంకో రెండు. డిప్రెషన్ మాత్రలు వేసుకునేవాళ్లకి పారాథైరాయిడ్ గ్రంథి వెతకడానికో, రక్తపోటు నిలబెట్టడానికో మిథిలీన్ బ్లూ ఇస్తే మెదడులో సెరటోనిన్ అతిగా పేరుకుని విషమవ్వచ్చు. ఆ రంగు మందు సెరటోనిన్‌ని విరగ్గొట్టే మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌ని ఆపుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. పాదం గభాలున పైకి వంచి పట్టుకోండి, చీలమండ లయగా తన్నుకుంటుంది. సడలింపు మందు మిగిలి ఉంటే తన్నుకోదు, అందుకే ముందు టీఓఎఫ్.

రెండోది చెవి వెనక హయోసిన్ పట్టీ. జుట్టు కింద ఉండిపోతుంది. ఒళ్లు పొడిగా, వేడిగా, పాపలు పెద్దవిగా, మూత్రం ఆగి, మనిషి లేవకపోతే వెతికి పీకేయండి. దాని విరుగుడు ఫైసోస్టిగ్మిన్ దొరికితే 0.5-1 మి.గ్రా. నెమ్మదిగా, కనీసం 5 నిమిషాలు పట్టేలా, పక్కన అట్రోపిన్ సిద్ధంగా. ఈసీజీలో క్యూఆర్ఎస్ వెడల్పుగా ఉన్నా, గుండె బ్లాక్ ఉన్నా, ఉబ్బసం ఉన్నా వద్దు.

ఐసీయూ_కాపలా
అన్నీ శుభ్రంగా ఉంటే మానసికమని రాయొచ్చా?

నరాల_దారి
70 దాటిన మనిషికి అది మొట్టమొదటిసారి ఆపరేషన్ బల్ల మీద రావడం చాలా అరుదు. అనుమానం తీరాలంటే చెవిలో మంచు నీళ్లే: కళ్లు చల్లటి వైపు మెల్లగా లాగి, ఎదురు వైపుకి టకటకా కొట్టుకుంటే మెదడు మేలుకునే ఉంది. ఊరికే చల్లటి వైపు లాగి ఆగిపోతే అది నిజమైన కోమా. డిఫ్యూజన్ ఎమ్మారై, ఈఈజీ రెండూ చూడకుండా ఆ మాట చార్టులో రాయకండి. మెదడుకాండంలో మొదటిరోజు డిఫ్యూజన్ కూడా తప్పిపోవచ్చు, అనుమానం పోకపోతే మర్నాడు మళ్లీ తీయించండి.

మత్తుగది_మాట
మరి సీటీ యాంజియోగ్రామ్ ముందా, ఈఈజీ ముందా? రెండూ ఒకేసారి రావు.

స్కాన్_కిటికీ
యాంజియోగ్రామ్. రెండూ గంటలతో పరుగే, కానీ ధమని మూసుకుంటే పోయేది తిరిగి రాదు.

తరంగ_రేఖ
ఈ ఒక్కసారికి ఒప్పుకుంటాను. కానీ కన్ను లయగా కొట్టుకుంటున్నట్టు కనబడితే, స్కాన్ గదికి వెళ్లే దారిలోనే లెవెటిరాసిటమ్ మొదలుపెట్టండి. ఎలక్ట్రోడ్ల పేస్ట్ నేను స్కాన్ గది బయటే కలుపుతాను.

తలకుట్ల_బల్ల
ఎమ్మారైకి పంపేముందు ఇంకొకటి. తలలో నీరు దింపే షంట్ ఉన్న పెద్దవాళ్లకి, వాల్వ్ బయటి నుంచి మార్చే రకమైతే ఎమ్మారై అయస్కాంతం దాని అమరికని మార్చేయవచ్చు. ముందు అంకె రాసి పెట్టుకుని, అయ్యాక మళ్లీ సరిచూడండి. లేదంటే మెలకువ రాకపోవడానికి మనమే ఇంకో కారణం చేరుస్తాం.

రాత్రి_పాళీ
వాల్వ్ ఉన్నట్టు తెలిసేదెలా? మనిషి చెప్పలేడు కదా.

తలకుట్ల_బల్ల
చెవి వెనక, కొంచెం పైగా వేళ్లతో తడమండి. చర్మం కింద బఠాణీ కన్నా పెద్ద గట్టి ముద్ద, అక్కణ్ణుంచి మెడ మీదుగా దిగే గొట్టం తగులుతుంది. రకం ఏదో పుర్రె ఎక్స్‌రేలో తెలుస్తుంది.